ఇందుమూలముగా, శాశ్వతముగా

మన రాష్ట్రంలో ఒక రాయి రెండు ప్రభుత్వాలను చూసింది. మొదటి ప్రభుత్వం దాని మీద పేరు చెక్కించింది. రెండో ప్రభుత్వం ఆ పేరు గీకించే పనిలో పడింది. ఈ రెంటికీ మధ్య రైతు దాని మీద కూర్చుని చుట్ట కాల్చుకున్నాడు. ఆ రాయివల్ల నికరంగా లాభపడినవాడు ఇంతవరకూ అతనొక్కడే.

2020 డిసెంబర్ 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో మొదలై, ఆ హద్దు రాయిని పాతించిన భూముల రీసర్వే పథకం పేరు ‘వైఎస్సార్ జగనన్న శాశ్వత భూహక్కు – భూరక్ష’. పేరులో తండ్రి ఉన్నారు, కొడుకు ఉన్నారు, హక్కు ఉంది, రక్ష ఉంది, శాశ్వతమూ ఉంది. రైతుకే చోటు చాలలేదు. సర్దుకుపోవడం అతనికి కొత్త కాదు కాబట్టి ఊరుకున్నాడు. తాత నాగలి పట్టి సంపాదించిన ఎకరా ముప్పై సెంట్లకు పాస్ పుస్తకం చేతికొస్తే, అట్ట మీద ముఖ్యమంత్రిగారు నవ్వుతూ కనిపించారు. అంత చక్కగా నవ్వుతున్న మనిషిని పట్టుకుని ‘మీరు మా తాతకు ఏమవుతారు బాబూ’ అని అడగడం మర్యాద కాదు.

2024లో ప్రభుత్వం మారింది. ఫొటో పోయి రాజముద్ర వచ్చింది. రాళ్ల మీద అక్షరాలు చెరిపేస్తామన్నారు. చెక్కడానికో ఖర్చు, చెక్కింది గీకడానికో ఖర్చు, గీకినట్టు చెప్పుకోవడానికి సభల ఖర్చు. పథకం పేరు మారింది కానీ రీసర్వే ఆగలేదు. పాత రాయి తప్పని, పాత కొలత మాత్రం కొనసాగుతుందని తేల్చడానికి ఒక ఎన్నికంత శ్రమ పడ్డాం. మొత్తానికి 2020 నాటి శాశ్వతం నాలుగేళ్లు కూడా నిలవలేదు.

ఉత్తరాంధ్రలోని బొబ్బిలివాళ్లు దీనికి నోరు వెళ్లబెట్టనక్కర్లేదు. శాశ్వతాలు వచ్చి వెళ్లిపోవడం వాళ్లు చాలాసార్లు చూశారు. పుస్తకం మీద పేరు వేయించుకునే యావ మన నాయకులతో పుట్టిందనుకుంటే ఆ ఊరికి అన్యాయం చేసినట్టే. 17వ శతాబ్దంలో శ్రీకాకుళం ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ వెంట వచ్చిన వెలమ దొర పెద్దరాయుడికి ఇక్కడ భూములు దక్కాయి. ఇప్పించిన ఫౌజుదారు పేరులోని ‘షేర్’ అనే పులి మీదుగానే కోటకు పేరు పెట్టారని స్థానిక కథనం. అంటే ఇక్కడ లబ్ధిదారుడు తన ఊరినే పాస్ పుస్తకం అట్టగా చేసి పైవాడి బొమ్మ వేసేశాడు. దాన్ని గీకడం ఇంతవరకూ ఏ ప్రభుత్వం వల్లా కాలేదు.

తూర్పు కనుమలు ఒక పక్క, నాగావళిలో కలిసే వేగావతి ఇంకో పక్క, మధ్యలో గెడ్డలు, చెరువులు, కాస్త పల్లం, ఎక్కువ మెట్ట. ఇదీ బొబ్బిలి సీమ. వాన పడితే పండుతుంది, గెడ్డ పారితే మరీ పండుతుంది. అందుకే ఇక్కడ భూమి తగాదా అంటే ముందుగా నీటి తగాదా. బొబ్బిలి యుద్ధం అనగానే మనకు మీసాలు, కత్తులు, తాండ్ర పాపారాయుడి గుర్రం గుర్తొస్తాయి. బొబ్బిలికీ విజయనగరానికీ మధ్య పగ రాజుకోవడానికి వాగుల నీళ్లు మళ్లించుకోవడం ఒక కారణమన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. మదుం దగ్గర గొడవను వెండితెర మీద రెండున్నర గంటలు చూపిస్తే ఎవరు చూస్తారు?

ఆ కథలో ఇంకో ముక్క ఉంది. మన రెవెన్యూ అధికారులు దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవాలి. ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాసినదాన్నిబట్టి, విజయనగరం రాజు విజయరామరాజుతో కలిసి ఫ్రెంచి సేనాని బుస్సీ కోట మీద పడేముందు బొబ్బిలి రంగారావుకు ఒక బేరం పెట్టాడు. ఈ కోటా ఈ భూములూ ఖాళీ చేసి వెళ్లు, ఇంతకంటే విశాలమైన, ఇంతకంటే విలువైన భూములు వేరేచోట ఇస్తాను, జరిగిందంతా మరిచిపోదాం అన్నాడు. భూమికి భూమి, పైగా ఎక్కువ భూమి, కేసులు ఎత్తివేత. ఈ మాటలు ఎక్కడో విన్నట్టు లేదూ? ఫ్యాక్టరీకో, రిజర్వాయరుకో, పోర్టుకో ఊరు లేపాల్సి వచ్చినప్పుడు కలెక్టరాఫీసు గ్రామసభలో చదివి వినిపించే పునరావాస ప్యాకేజీ ఇదే. ఫ్రెంచివాడు ఫిరంగులు బయట పెట్టుకుని చదివాడు. మనవాళ్లు పోలీసు వ్యాన్లు బయట పెట్టుకుని చదువుతారు.

రంగారావు ఒప్పుకోలేదు. 1757 జనవరి 24న కోట పడింది, లోపలి ఆడవాళ్లూ పిల్లలూ అంతఃపురంలోనే చనిపోయారు. తర్వాత పాపారాయుడు విజయరామరాజు గుడారంలో దూరి అతన్ని చంపి తనూ చచ్చాడు. ఆ భూమి దున్నుతున్నవాళ్లకు మాత్రం ప్యాకేజీ అందలేదు, కావ్యమూ అందలేదు. యుద్ధం మర్నాడు కూడా వాళ్లు గెడ్డ దగ్గరే ఉండి ఉంటారు. నీళ్లు ఎటు పారితే అటు పొలం, ఎవరు గెలిస్తే వాళ్లకు శిస్తు.

1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా ఇచ్చాడు, 1766లో నిజాం ఒప్పందం రాసిచ్చాడు, ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. పాదుషా ఈ గట్టు మీద కాలు పెట్టలేదు, నిజామూ పెట్టలేదు. అయినా రాసిచ్చారు. పక్కవాడి పొలాన్ని రిజిస్ట్రేషన్ చేసేసే ఘనులు ఇప్పుడే పుట్టారనుకునేవాళ్లు ఈ రెండు దస్తావేజులు ఓసారి చూడాలి. 1794లో పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యం చేతిలో విజయనగరం రాజు పోయాక, కంపెనీవారు దయతలచి బొబ్బిలిని బొబ్బిలివారికే తిరిగిచ్చారు. తీసుకున్నదెవరో, ఇచ్చినదెవరో, దున్నినదెవరో! సరే, ముందుకు పోదాం.

అసలైన శాశ్వతం 1802లో వచ్చింది. దాని పేరే శాశ్వత పైసలా. పుట్టించినవాడు లార్డ్ కారన్‌వాలిస్. ఈ పెద్దమనిషి 1781లో యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్‌కు లొంగిపోయి అమెరికా పోగొట్టాడు, 1793లో వంగదేశంలో భూమిని జమీందార్లకు శాశ్వతం చేశాడు, 1798లో ఐర్లాండుకు పాలకుడిగా వెళ్లాడు. ఒక దేశం చేజారిస్తే ఇంకో దేశంలో పదోన్నతి. మన ఐఏఎస్ బదిలీల సంప్రదాయం ఎక్కడిదో ఇప్పుడు తెలిసిందా? వంగదేశం పైసలాను మద్రాసు ఇలాకాకు తెచ్చిన కాలంలో గవర్నర్ జనరల్‌గా ఉన్న వెల్లస్లీ అయితే ఐర్లాండులోనే పుట్టాడు. ఆ దేశంలో ఊళ్లన్నీ టౌన్‌ల్యాండ్‌లనే చిన్నచిన్న ముక్కలు. ముక్క ముక్కకూ పేరు, ప్రతి పేరుకూ ఒక దొర, ఆ దొర సగం కాలం లండన్‌లో, కౌలుదారు ఎప్పుడూ గుమ్మం బయట. అలాంటి ఏర్పాటు కళ్లారా చూసినవాడు మనకు జమీందారీ తెచ్చాడంటే, పాపం, అతనికి తెలిసిందే చేశాడు.

లెక్క సులువు. పంటలో సగం సర్కారుదని ముందు తేల్చారు. ఆ సగంలో మూడింట రెండు వంతులు పేష్కష్‌గా కంపెనీకి, ఒక వంతు జమీందారుకు. ఆ పేష్కష్ సూర్యచంద్రులున్నంతకాలం పెరగదు. రైతు కట్టేది పెరగదని మాత్రం ఎవరూ అనలేదు. శాశ్వతం పైవాళ్లకు, సర్దుబాటు కిందివాళ్లకు. అదే ఏడాది 29వ రెగ్యులేషన్ కింద కరణాలకూ చట్టం వచ్చింది. ఇక ఊళ్లో దేవుడి తర్వాత కలం పట్టినవాడే. కొన్నిసార్లు దేవుడి మాన్యం కూడా ఆ కలం కిందే.

బొబ్బిలి జమీందారీ చరిత్రను మహారాజా వెంకట శ్వేతాచలపతి రంగారావుగారు స్వయంగా రాసి, 1907లో పెంచి మళ్లీ అచ్చువేయించారు. అంతకు రెండేళ్ల ముందు దేశంలోని సాటి సంపన్నులకు హితవు చెబుతూ ఇంకో పుస్తకం వేశారు. చదువుకున్న ప్రభువు, మెచ్చుకోవలసిందే. దివాణానికి రెండు పుస్తకాలున్నాయి. రైతుకున్నది ఒక్కటే పుస్తకం, అది పాస్ పుస్తకం. దాని మీదా మొన్నటిదాకా ఫొటో ఇంకొకరిది.

1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం రైతును గట్టు మీంచి ఇష్టమొచ్చినట్టు గెంటేయకుండా అడ్డుకుంది. మద్రాసు రాష్ట్రానికి 1932లో ప్రధానమంత్రి అయిన బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావుగారు 1937లో సొంత బొబ్బిలిలోనే వి.వి.గిరి చేతిలో ఓడిపోయారు. బుస్సీ ఫిరంగులకు కూలినా లొంగని కోట, ఓటుపెట్టెకు లొంగింది. 1938లో ప్రకాశం పంతులుగారి కమిటీ, భూమి రైతుది, జమీందారు కేవలం శిస్తు వసూలుదారు అని తేల్చింది. ఆ మాట చెప్పడానికి 136 ఏళ్లు పట్టింది. అమలుకు ఇంకో పదేళ్లు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. 1802 నాటి సూర్యచంద్రుల గడువు 146 ఏళ్లకు తీరిపోయింది. జమీందార్లకు నష్టపరిహారం ఇచ్చారు, సొంత సేద్యం భూములు వాళ్లకే ఉంచారు. ఇన్నేళ్లు ఎక్కువ కట్టినందుకు రైతుకు పరిహారం ఎంత అని మాత్రం ఎవరూ లెక్క వేయలేదు. అంత పెద్ద అంకెకు కాలమ్ సరిపోదు కదా. (అన్నట్టు, ఓటు కోటను ఓడించిందని మురిసినవాళ్లు, ఆ తర్వాత అదే ఓటు ఆ వంశాన్ని పలుమార్లు అసెంబ్లీకి పంపిన సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఓటుకు జ్ఞాపకశక్తి తక్కువ, మర్యాద ఎక్కువ.)

ఎస్టేట్లు పోయాక సెటిల్మెంటువాళ్లు వచ్చారు. గొలుసులు లాగారు, రఫ్ పట్టాలు ఇచ్చారు, ఫెయిర్ అడంగళ్లు రాశారు. రఫ్‌కీ ఫెయిర్‌కీ మధ్య ఎన్ని ఎకరాలు దారి తప్పాయో భూమాతకు తెలుసు. పేరు తెలిస్తే రాశారు. తెలియకపోతే కనుక్కోవాలి. కనుక్కునే ఓపిక లేకపోతే చుక్కలు పెట్టాలి. మన రాష్ట్రంలో భూమి రికార్డుల్లో పేరుండాల్సిన జాగాలో చుక్కలున్న భూములు లక్షల ఎకరాలు. గుమాస్తా సిరాబుడ్డి దులిపిన ఆ చుక్కలే తర్వాత రిజిస్ట్రేషన్ల 22-ఏ నిషిద్ధ జాబితాలోకి నడిచిపోయాయి. మూడు తరాలుగా సాగుచేస్తున్నవాడు కూతురి పెళ్లికి అమ్ముదామని సబ్ రిజిస్ట్రారు దగ్గరకెళితే, ‘మీది చుక్కల భూమండీ’ అన్నారు. ఆ చుక్కల్ని పూరించడానికి 2017లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. చుక్కలు కలిపి ముగ్గు వేయడం మన ఆడవాళ్లు పొద్దున్నే వాకిట్లో ఐదు నిమిషాల్లో చేసే పని. అసెంబ్లీకి అరవై ఏళ్లు పట్టింది.

1982లో ‘బొబ్బిలి పులి’గా తెర మీద గర్జించిన రామారావుగారు ఏడాది తిరక్కుండానే ముఖ్యమంత్రి అయ్యారు. 1984లో మునసబు, కరణాల వ్యవస్థను ఊడ్చేశారు. జనం చప్పట్లు కొట్టారు, కొట్టదగినదే. కరణంగారు వెళ్లారు. దస్తరం కూడా ఆయన వెంటే వెళ్లిందని కొన్ని ఊళ్లకు ఆలస్యంగా తెలిసింది. తర్వాత ఆ సీట్లో ఎవరు కూర్చున్నా, ఏ పేరుతో కూర్చున్నా, ‘రేపు రండి’ అనే మాట మాత్రం 1802 నాటిదే.

ఈలోగా బొబ్బిలి పొలాలు ఇంచు కదలకుండా జిల్లాలు తిరిగాయి. మొదట విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా. విజయనగరం పేరెత్తితే కత్తి దూసిన ఊరు, విజయనగరం కలెక్టరు సంతకం కోసం వరసలో నిలబడింది. 1757లో బుస్సీ ఫిరంగులు శాశ్వతంగా చేయలేకపోయిన పని 1979లో ఒక జీవో చేసింది. 2022లో బొబ్బిలికే రెవెన్యూ డివిజన్ వచ్చింది. ఇప్పుడు తిరగాల్సిన గుమ్మాల్లో ఇంకొకటి పెరిగింది, అయితే దగ్గర్లో పెరిగింది, అదే సంతోషం.

ఇక రీసర్వే. పైన డ్రోన్లు, కింద రోవర్లు, ఎక్కడో ఉపగ్రహాలు. సెంటీమీటర్లలో కచ్చితత్వం అన్నారు. కచ్చితమే. గట్టు ఎక్కడుందో డ్రోనుకు కచ్చితంగా తెలిసింది. గట్టుకు ఇవతలివాడికీ అవతలివాడికీ నడుమ ఉన్న కథ దానికి తెలియదు. పాత సర్వే నంబర్లు పోయి ల్యాండ్ పార్సిల్ మ్యాప్, అంటే ఎల్పీఎం, నంబర్లు వచ్చాయి. విడిగా కొలవడం కుదరని చోట ఇద్దరినీ ముగ్గురినీ కలిపి జాయింట్ ఎల్పీఎం అన్నారు. ఒక గ్రామ సచివాలయంలో ఎనభై ఏళ్ల ముసలాయన ప్లాస్టిక్ కవరులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచాడు. మడతల దగ్గర అక్షరాలు అరిగి కన్నాలు పడ్డాయి. కంప్యూటరు ముందున్న కుర్రాడు దాన్ని చూడనైనా చూడలేదు.

‘‘బావూ, నా బూమెక్కడికెల్లింది?’’

‘‘భూమి అక్కడే ఉంది తాతా. నంబరు మారింది.’’

‘‘నంబరు మారితే మారనీ. ఆ పక్కోడి పేరు నా దాంట్లోకి ఎలగొచ్చింది?’’

‘‘అది జాయింట్ ఎల్పీఎం తాతా.’’

‘‘ఆడికీ నాకూ పదేనేళ్లబట్టి మాటల్లేవు. జాయింటేటి?’’

‘‘ఇద్దరూ కలిసొచ్చి అర్జీ పెట్టుకుంటే విడదీస్తారు.’’

ముసలాయన కాగితం మళ్లీ నాలుగు మడతలు పెట్టాడు. ‘‘ఇడదీడానికి కలిసి రావాలేటి?’’ అన్నాడు. ఇంత మంచి ప్రశ్న ఇరవై ఏళ్లుగా ఏ శాసనసభ్యుడూ అడగలేదు. కుర్రాడి తప్పేమీ లేదు, వెబ్‌ల్యాండ్ చూపించిందే అతను చెప్పాడు. తప్పు కంప్యూటరుది, కంప్యూటరు తప్పు డ్రోనుది, డ్రోను తప్పు గాలిది.

ఈ రాళ్లకూ కొలతలకూ మకుటంగా భూ హక్కుల చట్టం ఒకటి చేసి, 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెచ్చారు. దాని ఆలోచనకు మూలపురుషుడు రాబర్ట్ టారెన్స్. ఈయనా ఐర్లాండువాడే, కార్క్‌లో పుట్టాడు. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో, సర్కారు పుస్తకంలో ఎవరి పేరుంటే భూమి వాళ్లదే, దానికి సర్కారే పూచీ అనే పద్ధతి పెట్టాడు. మంచి పద్ధతే. పుస్తకం శుద్ధంగా ఉన్నచోట. రఫ్ పట్టాలు, చుక్కలు, జాయింట్ ఎల్పీఎంలు ఉన్న పుస్తకానికి పూచీ ఇస్తామంటే జనం భయపడ్డారు. ఆ భయాన్ని ఎన్నికల్లో ఒకరు ఎరువుగా చల్లారు, పంట కోసుకున్నారు, గెలవగానే చట్టం రద్దు ఫైలు మీద సంతకం పెట్టారు. సంతోషం. మరి ఆ పుస్తకం శుద్ధి మాటేమిటని అడిగితే, దరఖాస్తు పెట్టుకోమన్నారు, సదస్సు పెడతామన్నారు. హక్కుకు పూచీ ఇచ్చే ఆ చట్టం ఏడాది కూడా బతకలేదు. 146 ఏళ్లు, నాలుగేళ్లలోపు, ఏడాదిలోపు. శాశ్వతం ధర ఎలా పడిపోతోందో చూడండి.

ఇంకా పడిపోయే చోటు ఉంది. ఐర్లాండు కౌలుదార్లకు 1903లో వచ్చిన చట్టం దొరల భూమిని సర్కారు అప్పుతో కొనుక్కోనిచ్చింది. వాయిదాలు కట్టుకుంటూ కౌలుదార్లు ఆసాములయ్యారు. కారన్‌వాలిస్ ఏలిన ఆ దేశం అక్కడికి చేరింది. కారన్‌వాలిస్ పద్ధతి వచ్చిన ఈ సీమలో ఇవాళ పొలంలో దిగి దమ్ము చేసేవాడు చాలాచోట్ల కౌలుదారే. పట్టాదారు విశాఖలోనో, హైదరాబాదులోనో, అంతకన్నా దూరంలోనో ఉంటాడు. ఈ మనిషి పేరు 1802 సనదులో లేదు, ఫెయిర్ అడంగల్లో లేదు, చెక్కిన రాయి మీద లేదు, గీకిన రాయి మీదా లేదు. అతని కోసం 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం చేశారు. కార్డు ఇస్తారు, దాని గడువు 11 నెలలు. ఆ పదకొండు నెలలకైనా భూయజమాని సంతకం కావాలి. బ్యాంకు అప్పు, పంట బీమా, నష్టపరిహారం అన్నీ ఆ సంతకం వెనకాలే.

కళ్లం దగ్గర నిలబడి ఒకతను విశాఖకు ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టాడు కాబట్టి చుట్టుపక్కల అందరం విన్నాం.

‘‘నాయుడుబావూ, కార్డుకొక్క సంతకం…’’

‘‘ఒరే, సంతకమెడితే బూమి నీదైపోద్దంట కదరా.’’

‘‘నాదెలగవుద్ది బావూ, పదకొండు నెల్లే కదా.’’

‘‘పన్నెండో నెల్లో నువ్వు పేచీ పెడితేనో?’’

‘‘ఆ నెల్లో మళ్లీ మీ గుమ్మంకాడికే కదా రావాలి.’’

ఫోన్ అటునుంచి పెట్టేశారు. కౌలు బస్తాల లెక్క అడగడానికి సంక్రాంతికి వాళ్లే చేస్తారు.